నల్లా వస్తేనే మంత్రం

ఆ గదిలో ఉండే మనుషులు నలుగురు: నేను, డానీ, మహేశ్, మహేశ్ చెల్లె కవిత. ఉండే వస్తువులు: కాళ్ళు మడిచే ఇనుప బల్ల, దాని మీద పరిచిన పాత దుప్పటి, గోడలు కనిపించకుండ పేర్చిన గాజుల అట్టపెట్టెలు, తలుపు పక్కన నీలం రంగు నీళ్ళ డ్రమ్ము, మెడ తిరగని టేబుల్ ఫ్యాను, మూలమీది హోటల్ నుంచి తెచ్చిన చాయ్ క్యాన్, హౌసీ ఆట అంకెల బిళ్ళల్లో ఒకటి నుంచి ఇరవై దాక ఏరి వేసుకున్న గుడ్డసంచి, నేను తెలుగులో రాసి పిన్ను కొట్టిన ఆట నియమాల కాగితాలు. వచ్చిపోయే మనిషి ఒక్కరే, మహేశ్ వాళ్ళ నాయనమ్మ. ఆమె ఎప్పుడు మెట్లెక్కి వస్తదో మాకు తెలిసేది కాదు. వచ్చిందంటే మాత్రం మా రాజ్యంలో ఎంత పెద్ద యుద్ధమైనా అక్కడికక్కడ ఆగిపోయేది.

పోయిన నెల మహేశ్ ఫోన్ చేసి, "మెట్ల మీది గదిని గాజుల దుకాణంల కలుపుతున్నం, గోడ కొట్టకముందు ఒకసారి వచ్చి చూసిపో" అన్నడు. నేను ఇప్పుడుండే జల్‌పల్లి నుంచి బండి మీద పోయి, చార్మినార్ ఇంకా కనిపించకముందే బండిని ఒక సందులో వదిలి, మిగతాది నడిచిన. వాళ్ళ గల్లీ మొదట్లో బొగ్గుల మీద గాజుల లక్క కరిగే వాసన అట్లనే ఉన్నది. ఖాళీ చేస్తే గదులు పెద్దగ కనబడతయంటరు, ఆ గది నాకు చిన్నగ కనబడ్డది. "ఇంత జాగలనేనా మనం కోటలు కట్టింది?" అని అడిగిన. "కట్టింది నువ్వు, కాలబెట్టింది నేను" అన్నడు మహేశ్, పొట్ట మీద చెయ్యేసుకొని నవ్వుకుంట. ఆ వెంటనే, "ఆ డానీగాడు అప్పుడు మానేసి ఉంటే, మనం ఇయ్యాల ఇట్ల నిలబడి మాట్లాడుకుందుమా భాయ్?" అన్నడు. ఇంటికి వచ్చినంక కూడ ఆ మాట నన్ను వదలలేదు. ఇది రాయడానికి కారణం అదే.

ఆట గురించి ముందు చెప్పాలె, లేకపోతే మిగతాది అర్థం కాదు. అది గవ్వల ఆట కాదు, క్యారంబోర్డు కాదు. ఒకరు కథ నడుపుతరు, మిగిలినవాళ్ళు ఆ కథలో ఒక్కొక్క మనిషిగ ఉంటరు. "గుహ ముందు నిలబడ్డరు, లోపల ఏదో కదులుతున్నది, ఏం చేస్తరు?" అని కథ నడిపేవాడు అడుగుతడు. వాళ్ళు ఏం చేస్తరో నోటితో చెప్తరు. ఆ పని అయితదా కాదా అన్న అనుమానం వస్తే సంచిలోంచి ఒక బిళ్ళ తీస్తరు. ఇంత కంటే పెద్ద అంకె రావాలని కథ నడిపేవాడు ముందే చెప్తడు. వస్తే పని అయినట్టు, రాకపోతే కానట్టు. నేను పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ చదివే రోజుల్లో ఒక సీనియర్ దగ్గర ఇంగ్లిష్ నియమాల జిరాక్స్ కాగితాలు చూసి, మాకు సరిపోయేటట్టు తెలుగులో రాసుకున్న. ఇరవై ముఖాల పాచిక ఎక్కడ దొరుకుతదో తెలియక హౌసీ బిళ్ళలు వాడుకున్నం. మహేశ్ మాంత్రికుడు. కవిత గాయాలు మాన్పే వైద్యురాలు, ఆమెది కూడ మంత్రమే. డానీ యోధుడు. వాళ్ళ నాయిన బస్ డిపోలో మెకానిక్, అందుకే తన యోధునికి సమ్మెట అని పేరు పెట్టుకున్నడు. కథ నడిపేది నేను.

నేను ఎందుకు నడిపేవాడినో కూడ చెప్పాలె. నాకు బయట మాట వచ్చేది కాదు. క్లాసులో లేచి నిలబడితే తెలిసిన జవాబు కూడ గొంతులోనే ఉండిపోయేది. దుకాణంలో వస్తువు అడగడానికి కూడ ముందు మనసులో రెండుసార్లు అనుకొని పోయేటోణ్ణి. ఆ గదిలో మాత్రం ఆదివారం మధ్యాహ్నం రెండు మూడు గంటలు ఆగకుండ మాట్లాడేటోణ్ణి. రాజు గొంతు, ముసలి పూజారి గొంతు, వంతెన కాపలావాని గొంతు అన్నీ నావే. నన్ను మొదట ఆ గదికి తీసుకపోయింది డానీ. సంతోష్‌నగర్‌లో మా ఇంటి వెనక గల్లీ వాళ్ళది. వాడు నన్ను సైకిల్ వెనక కూర్చోబెట్టుకొని తీసుకపోయి మహేశ్‌తో, "వీడు బయట మూగోడు, కథ చెప్తే ఆగడు, చూడు" అన్నడు. కాబట్టి డానీ లేని ఆదివారం అంటే నా గొంతు లేని ఆదివారమే.

ఆ ఇంటి పద్ధతులన్నీ నీళ్ళ చుట్టే తిరిగేవి. నల్లా రోజు విడిచి రోజు వచ్చేది, ఏ గంటకు వస్తదో ఎవరికీ తెలియదు. ముందు ఎవరింట్లో గొట్టం బుసకొడితే వాళ్ళు గల్లీ అంతా వినబడేటట్టు ఒర్రాలె, అది అక్కడి రివాజు. ఎదురింటి ఆమె "పానీ ఆగయా!" అని అరిస్తే, పక్కింటోళ్ళు "నల్లా వచ్చింది!" అని అందుకునేవాళ్ళు. ఇక అందరి ఇండ్లల్లో బిందెల చప్పుడే. నాయనమ్మ వరుస పెట్టేది. మొదటి నీళ్ళు మురికిగ వస్తయని గడప కడగడానికి, తర్వాతవి గుడ్డ కట్టిన ఇత్తడి బిందెలోకి తాగడానికి, ఆ తర్వాత వంటకు, ఆఖరుకు డ్రమ్ములకు. బియ్యం కడిగిన నీళ్ళు తులసికి, కూరగాయలు కడిగిన నీళ్ళు మెట్లకు. ఆమె చీర కొంగు ఎప్పుడూ ఒక చివర తడిగ ఉండేది. ఆమె వచ్చి పోయినంక గదిలో కాసేపు జీలకర్ర తాలింపు, తడి నూలుబట్ట కలిసిన వాసన మిగిలేది. నాకు ఆ ఇల్లంటే ఇప్పటికీ ఆ వాసనే. మాకు ఆదివారం పూట ఆమె సర్వపిండి చేసి పంపేది, ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క, డానీకి రెండు. "వాడు మోసే పిల్లగాడు, తినాలె" అనేది.

ఇక లొల్లి ఎక్కడ వచ్చిందంటే నా నియమాల్లో వచ్చింది. మాంత్రికునికి ఆరు మంత్రాలు ఇచ్చిన. అయిపోతే రాత్రి పడుకొని లేవంగనే మళ్ళ ఆరు వస్తయని రాసిన. కాగితం మీద మంచిగనే ఉన్నది. కాని కథలో రాత్రి కావడానికి ఎంతసేపు పడుతది? "తెల్లారింది" అన్న ఒక్క మాట. మహేశ్ ఆ సంగతి తొందరగ పట్టుకున్నడు. మొదటి తలుపు దగ్గరనే ఆరు మంత్రాలు ఊదేసేవాడు, ఎదురుగ ఉన్నదంతా బూడిద. ఆ వెంటనే "పండుకుందాం" అనేవాడు. మళ్ళ లేచి ఆరు. సమ్మెట కత్తి దూసేలోపల కొట్టడానికి ఎవరూ మిగిలేవాళ్ళు కాదు. ఒకసారి డానీ నాలుగు వంతుల దాక ఒక్క బిళ్ళ కూడ తీయలేదు. "సమ్మెట ఏం చేస్తున్నడు?" అని నేను అడిగితే, "కాగడా పట్టుకున్నడు. మస్తు బిజీ" అన్నడు. అందరం నవ్వినం. వాడు నవ్వలేదు.

నేను లెక్కల మనిషిని. మాంత్రికుడు ఒక వంతులో ఎంత దెబ్బ కొడుతుండు, యోధుడు ఎంత కొడుతుండు అని పట్టీ వేసి, తేడా చూసి సరిచేయబోయిన. ముందు సమ్మెట కత్తికి బలం పెంచిన. "ఇప్పుడు కాల్చిన బూడిదను ఇంకా గట్టిగ కొట్టొచ్చు, సంతోషం" అన్నడు డానీ. మరుసటి వారం మాంత్రికుని ఆరింటిని మూడు చేసిన. మహేశ్ మొహం మాడ్చుకొని, మూడు ఊది రెండింతల సార్లు పడుకున్నడు. చివరికి చాలా తెలివైన పని చేస్తున్ననుకొని, సమ్మెటకు మంటలు కక్కే మాయ కత్తి ఒకటి దొరికేటట్టు కథ నడిపిన. డానీ ఆ కత్తి వర్ణన అంతా విని, సమ్మెట వివరాల కాగితం బల్ల మీద పెట్టిండు.

"అంటే నేను పనికి రావాలంటే నన్ను సగం మాంత్రికుణ్ణి చెయ్యాలె. అంతేగా?"

"గట్ల కాదు డానీ, బలం సమానం చేసిన. కావాలంటే పట్టీ చూడు."

"పట్టీ నాకెందుకురా? మీరు ముగ్గురు మాట్లాడుకుంటరు. నా దిక్కు ఎవడన్న చూస్తడా? నా కోసం ఎవడన్న ఆగుతడా?"

ఆ రోజు వాడు నన్ను సైకిల్ మీద ఇంటికి తెచ్చిండు. మా గల్లీ మలుపులో దింపి అన్నడు: "చర్చి పోరగాండ్లు వాలీబాల్‌కు రమ్మంటున్నరు, ఆదివారమే. వచ్చే వారం ఒక్కసారి వస్త. సమ్మెటను మంచిగ చంపు. ఉత్తగ మాయమైండు అనకు, కొట్లాడుకుంట చావాలె. తర్వాత నేను రాను." వారం రోజులు నేను చదువు పక్కన పెట్టి, సమ్మెట ఎట్ల చావాలె అన్నదే ఆలోచించిన. పెద్ద ఇనుప గేటు ఒకటి పెట్టిన. దాని గడియ మీద అందరి ప్రాణం ఆధారపడి ఉంటది, దాన్ని ఎత్తి పట్టుకొని వాడు పోతడు. రాసుకుంటుంటే నాకే దుఃఖం వచ్చింది. మంచి చావు రాయగలిగిన కాని, వాణ్ణి ఉంచే ఉపాయం మాత్రం నాకు తట్టలేదు.

ఆ ఆదివారం అందరం కూర్చున్నం. మహేశ్ గుహలో సాలెపురుగులను కాల్చి, ఉన్న మూడు మంత్రాలు అయిపోగొట్టి, నిజంగనే అట్టపెట్టెల మీద వెనక్కి వాలి, "పండుకుందాం" అన్నడు. నేను "తెల్లారింది" అనబోతున్న. సరిగ్గ అప్పుడు నాయనమ్మ మెట్లెక్కి వచ్చింది. చేతిలో చెంబు ఉన్నది. డ్రమ్ము మూత తీసి చెంబు లోపలికి పెడితే, అడుగున గీసుకున్న చప్పుడు వచ్చింది. అందరం అటు చూసినం. ముందటి రోజు మహేశ్ తన కొత్త బండిని ఆ డ్రమ్ము నీళ్ళతో కడిగిండు, పొద్దున నల్లా వస్తదిలే అన్న ధైర్యంతోని. పొద్దున నల్లా రాలేదు.

"బండికి తానం చేయించినవా?" అన్నది నాయనమ్మ.

"లొల్లి పెట్టకు నాయనమ్మా. రేపు తెల్లారి చూద్దాం."

"నువ్వు పండుకొని లేస్తె డ్రమ్ము నిండుతదారా? నల్లా వస్తె నిండుతది! ఇంట్ల ఏడుగురం ఉన్నం. చెంబు చెంబు చూసుకొని వాడాలె. పెద్ద మాంత్రికుడు బయల్దేరిండు!"

కవిత నోటికి చున్నీ అడ్డం పెట్టుకొని నవ్వుతున్నది. నేను మాత్రం నవ్వలేదు. నా చేతిలో కాగితాలు ఉన్నయి. వాటిలో 'పడుకొని లేవంగనే' అన్న మాట మీద నా బొటనవేలు ఉన్నది. పుట్టినప్పటినుంచి నీళ్ళు పట్టుకున్న ఇండ్లల్లో పెరిగి, ఖర్చు చేసింది నిద్రతో తిరిగి వస్తదని నేను ఎట్ల రాసిననో నాకే అర్థం కాలేదు. ఆ ఇంగ్లిష్ కాగితాల్లో ఉన్నది కాబట్టి రాసిన, అంతే.

ఇంకో మాట అనుకునేలోపల ఎదురింటి నుంచి "పానీ ఆగయా!" అని కేక వచ్చింది. నీళ్ళెక్కించే మోటరు కాలిపోయి ఉన్నది కాబట్టి నీళ్ళు మీదికి చేతులతోనే మోయాలె. నాయనమ్మ కింద నల్లా దగ్గర కూర్చొని ఎవరు ఏది మోయాలో చెప్పింది. నాకు చిన్న బిందె, కవితకు బకెట్టు, మహేశ్‌కు శిక్షగ పెద్ద గంగాళం. వాడు దాన్ని రెండు మెట్లెక్కించి సగం ఒలకబోసిండు. డానీ దాన్ని భుజానికెత్తుకొని మీదికి పోయిండు. "చూడు, ఆ పిల్లగాన్ని చూసి నేర్చుకో" అన్నది నాయనమ్మ. "వాడు సమ్మెట నాయనమ్మా, నేను మాంత్రికుణ్ణి" అన్నడు మహేశ్. "మరి మంత్రం ఏసి ఎక్కియ్యి మీదికి" అన్నది ఆమె.

డ్రమ్ము నిండినంక, తడి బట్టలతోనే బల్ల చుట్టు కూర్చున్నం. నేను కాగితం మీద ఒక వాక్యం కొట్టేసి, కొత్త నియమం నోటితో చెప్పిన. ఇకమీదట మంత్రం అంటే నీళ్ళు. కథలో అందరికీ ఒకటే డ్రమ్ము. అందులో పన్నెండు చెంబులు. నిప్పు మంత్రానికి మూడు చెంబులు, గాయం మాన్పడానికి ఒకటి. పడుకుంటే ఏమీ నిండదు. రాత్రి మజిలీ చేసిన ప్రతిసారి నేను సంచిలోంచి బిళ్ళ తీస్త, పదిహేను దాటితేనే నల్లా వచ్చినట్టు. కత్తికి నీళ్ళు అక్కర లేదు.

"ఇది అన్యాయం భాయ్!" అన్నడు మహేశ్. "ఇది నా ఆటనా, నాయనమ్మ ఆటనా?"

"నాయనమ్మదే" అన్నది కవిత. "మూడు చెంబులు నిప్పుకు పోస్తవా? మరి నేను గాయం దేనితోని కడగాలె?"

"నువ్వు ఇంట్ల తలస్నానానికి ఎన్ని బకెట్లు పోసుకుంటవో నాకు తెల్వదా?"

అన్నాచెల్లెళ్ళు ఇద్దరూ ఆ డ్రమ్ము కోసం కొట్లాడుకుంట కొట్లాడుకుంట ముందుకు పోయినరు. రెండు మజిలీలు చేసినం, నల్లా రాలేదు. మహేశ్ మొదటిసారి మంత్రం ఊదకముందు ఆలోచించిండు. ఆలోచించి, డానీ దిక్కు తిరిగి, "ఎదురుగ ఉన్న ఇద్దరు కాపలాదార్లను నువ్వు చూసుకుంటవా? ఎంతసేపు ఆపగలవ్?" అని అడిగిండు. కవిత, "సమ్మెట, నువ్వు ముందట నడువు, నీ వెనక మేం వస్తం" అన్నది. డానీ గోడకు ఆనుకొని కూర్చున్నోడు ముందుకు జరిగి మోచేతులు బల్ల మీద పెట్టిండు. నా పట్టీలో ఇవేవీ లేవు. నేను కొలిచింది దెబ్బలను. కొలవాల్సింది ఒకరి మొహం దిక్కు ఇంకొకరు చూసే చూపును. ఆ రోజు ఆట తనకు కూడ ఎక్కువ రుచించిందని మహేశ్ తర్వాత చెప్పిండు. ఆరు మంత్రాలు ఉన్నప్పుడు ఒక్కటి కూడ గుర్తుండేది కాదట, ఆఖరిసారి మూడు చెంబులు పోసి ఊదిన నిప్పు ఇప్పటికీ గుర్తున్నదట.

ఇప్పుడు ఈ నగరంలో ఇట్లాంటి ఆటల కోసమే పెట్టిన కాఫీ దుకాణాలు ఉన్నయి. ఏసీ ఉంటది, రంగురంగుల పాచికలు ఉంటయి, గట్టి అట్టల పుస్తకాలు ఉంటయి. ఆఫీసులో సాఫ్ట్‌వేర్ టెస్టింగ్ చేసి విసిగిన రోజు నేను కూడ పోయి కూర్చుంట. మంత్రం ఉన్నవాళ్ళను, లేనివాళ్ళను సమానం ఎట్ల చెయ్యాలని అక్కడి పిల్లలు ఫోన్లలో పట్టీలు తీసి చూపించి వాదించుకుంటరు. నేను వేసిన పట్టీల కంటే అవి చాలా మంచివి. నన్ను అడిగితే మాత్రం, ఎవరు ఎవరి కోసం ఆగుతున్నరో చూడండి అని ఒక్క మాట చెప్త. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలంటే నాయనమ్మ గురించి చెప్పాలె, ఆమె పోయి కొన్నేండ్లయింది. ఆమెకు ఆ ఆట ఏందో చివరిదాక తెలియదు. జల్‌పల్లిలో మా ఇంటికి సంపు ఉన్నది, తిప్పితే నీళ్ళు వస్తయి, ఏ గంటకైనా. సుఖంగనే ఉన్నది, లేదని అనను. కాని గల్లీలో ఎవరూ ఎవరికోసం ఒర్రరు. ఆ ఇల్లు నాకు తిండి పెట్టింది, గొంతు ఇచ్చింది, డానీని నా దగ్గరనే ఉంచింది. ఇవి చిన్న విషయాలు కావు. ఇయ్యాల మీటింగులో నిలబడి పది మందితో మాట్లాడుతున్ననంటే, ఆ బల్ల దగ్గర రాజులాగ, పూజారిలాగ, కాపలావానిలాగ మాట్లాడి మాట్లాడి నేర్చుకున్నదే.

ఆ రోజు ఇనుప గేటు దగ్గరికి వచ్చేసరికి డ్రమ్ములో ఒక్క చెంబు మిగిలింది. వెనక నుంచి శత్రువులు వస్తున్నరు, గడియ ఎత్తాలె. "ఆ ఒక్క చెంబు ముట్టను భాయ్, అది డానీ కోసమే. వానికి దెబ్బ తగిలితే కవిత కడగాలె" అన్నడు మహేశ్. ఆరు మంత్రాలను ఊది పారేసే మహేశ్ నోట్లోంచి ఆ మాట రావడం నేను చెవులారా విన్న. నేను అనుకున్న చావు ఇక్కడనే ఉన్నది. డానీ అడిగినట్టే, కొట్లాడుకుంట. నేను వాని దిక్కు వంగి, ఎవరికీ వినబడకుండ, "చంపుదమా మరి?" అని అడిగిన.

"ఆగురా" అన్నడు డానీ, నా మొహం కూడ చూడకుండ. "చూస్తలేవా, పనిల ఉన్న."

వాడు చేతులు దుప్పటికి తుడుచుకున్నడు. సంచి దగ్గరికి జరుపుకున్నడు. మహేశ్ బల్ల మీదికి వంగిండు, కవిత సంచి దిక్కే చూస్తున్నది, నేను చెప్పాల్సిన మాట మరిచిపోయిన. గడియ లేస్తదో లేవదో ఆ గదిలో అందరం వాని చెయ్యి కోసం ఆగినం. ఆ పూట గేటు తెరుచుకోలేదు, గడియ జారి సమ్మెట కాలు మీద పడ్డది, ఆ ఆఖరి చెంబు వాని కాలికే పోయింది. వచ్చే ఆదివారం అదే గేటు దగ్గర మొదలుపెట్టాలనుకున్నం. ఆ ఆదివారం నేను పోయేసరికి అందరికంటే ముందు డానీ వచ్చి కూర్చొని ఉన్నడు. వాలీబాల్ సంగతి ఎవరూ ఎత్తలేదు. గడియ ఎత్తడానికి పన్నెండు దాటాలని చెప్పిన. వాడు తీసిన బిళ్ళ మీద ఉన్న అంకె మూడు. గేటు కోసం ఇంకో ఆదివారం రావాలె.